శోకాలు ఆగిన చోటు

కంప్యూటర్లలో వైటూకే తేదీలు సరిచేసే పని మీద మూడు నెలలకని సింగపూర్ వెళ్ళాను. ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మ పోయిందని మెయిల్ వచ్చింది. ఆఫీసులో సెలవు కుదరదన్నారు. తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు కింద కార్డు ఫోన్ ఉండేది. అక్కణ్ణుంచి ఇంటికి చేశాను. నిలబడలేక, తీగ సాగినంతమేర అటూ ఇటూ తిరుగుతున్నాను.

నా గొంతు వినగానే అమ్మ శోకాలు అందుకుంది. "అక్కో! నాకు జడలేసిన చేతులే, నా పెళ్ళికి పూలు కట్టిన చేతులే, చల్లబడిపోయాయా తల్లో!" రిసీవర్ దాటి బయటికి వినబడుతోంది. వెనక లైన్లో జనం.

"ఊరుకోమ్మా, అందరూ వింటున్నారు," అన్నాను. టక్కున ఆగిపోయింది. పెట్టేశాను.

నా వెనకే మేరీ ఉంది. మా టీములో ఐర్లండ్ ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి. సారీ చెప్పబోయాను.

"ఆవిడ ఏడ్చిందా, పాడిందా?" అనడిగింది.

"రెండూ. పోయినవాళ్ళతోనే మాట్లాడుతూ ఏడుస్తారు."

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ, ఊళ్ళో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని అలాగే పాడేదట. నేను ఒక్కసారీ వినలేదు."

"ఎందుకు మానేశారు?"

"ముందు చర్చి ఫాదర్లు వద్దన్నారు. తర్వాత సొంత పిల్లలే సిగ్గుపడ్డారు. 'ఊరుకో, అందరూ వింటున్నారు' అన్నారు."

ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు.

కార్డు మళ్ళీ పెట్టి ఇంటి నంబరు నొక్కాను. "అమ్మా, ఏడువమ్మా," అన్నాను.

"లేదులే నాన్నా. అన్నం తిన్నావా?" అంది అమ్మ, మామూలు గొంతుతో.