ఆఖరున ఉండే బడి

నిన్న మధ్యాహ్నం పదో తరగతి పిల్ల ఒకతె నా గదిలోకి వచ్చి బల్ల మీద కాగితం పెట్టింది. కాగితం కంటే ముందు ఘాటు వచ్చింది. రెండుసార్లు తుమ్మాను. మిరప కోతల నుంచి నేరుగా వచ్చినట్టుంది, చున్నీ అంచుకు ఎర్రటి దుమ్ము, వేళ్లు ఉబ్బి ఉన్నాయి. హాజరు తక్కువైనా పరీక్షకు అనుమతించమని హెడ్మిస్ట్రెస్‌గా నేను పైకి పంపాల్సిన కాగితం అది. నేను సంతకం పెడితేనే ఆమెకు హాల్‌టికెట్టు. అంతకు కాసేపటి ముందే మా లెక్కల మాస్టారు మండలంలోని హైస్కూళ్ల పట్టిక నా ముందు పరిచి, "మేడమ్, హాజరు లేని ఆ పిల్ల ఒక్కతీ ఎటూ తప్పుద్ది. ఆపేస్తే మనం వంద శాతం. మండలంలో ఫస్టు మనమే" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట నా చెవికి ఇంపుగానే ఉంది. అప్పుడే ఈ ఘాటు వచ్చింది, మస్తాన్ మాస్టారు గుర్తొచ్చారు.

నేను చదువుకునే రోజుల్లో మా మండలంలో ప్రభుత్వ హైస్కూళ్లు మూడు. మండల కేంద్రంలో ఉన్నదానికే పేరు. గేటు పక్క గోడ మీద ఏటేటా పదో తరగతి ఫలితం పెద్ద అక్షరాలతో రాయించేవారు. నేను అక్కడే చదివేదాన్ని. కోతల కాలంలో రెండు నెలలు అమ్మతో చేలోనే ఉన్నాను, తొమ్మిదిలో లెక్కలు తప్పక ఏం చేస్తాను? సెలవులయ్యాక అక్కడి హెడ్మాస్టరు అమ్మను పిలిపించి, చాలా మర్యాదగా నా టీసీ చేతిలో పెట్టారు. "పత్తి చేల అవతలి బడిలో వేయండమ్మా, పిల్లకు అక్కడైతే వీలుగా ఉంటుంది" అన్నారు. నా మేలు కోరే చెబుతున్నారనుకుని అమ్మ ఆయనకు దణ్ణం పెట్టి మరీ తీసుకుంది. ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ అవతలి బడికి హెడ్మాస్టరు మస్తాన్ గారు. సన్నగా, పొడుగ్గా, మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఉండేవారు. లెక్కలు కూడా ఆయనే చెప్పేవారు. నా టీసీ చూసి ఏమీ అడగలేదు. పక్కనున్న గుమాస్తాయే గొణిగాడు.

"వాళ్లు వదిలించుకున్నోళ్లందర్నీ మనమే చేర్చుకుంటున్నామండి. అందుకే ఏటా ఆఖరున ఉండేది మన బడి."

"ఉంటే ఉందాం లేవయ్యా. ఎవరో ఒకరు ఉండాలిగా" అంటూ మాస్టారు నా పేరు రిజిస్టరులో రాసుకున్నారు.

ఆయన గదిలో గోడకు ఒక అట్ట వేలాడేది. దాని మీద మూడు బళ్ల పేర్లు, ఒక్కోదాని కింద రెండే అంకెలు: ఆరో తరగతిలో చేరినవాళ్లు ఎందరు, పదో తరగతి పరీక్ష రాసినవాళ్లు ఎందరు. ఉత్తీర్ణత శాతం ఎక్కడా లేదు. మా బడి కింద రెండో అంకె మొదటిదాని కంటే ఎక్కువే. మండల కేంద్రంలోని పెద్ద బడి కింద తగ్గిన తేడాలో నేనూ ఒకదాన్నని నాకు చాన్నాళ్లకు గాని అర్థం కాలేదు.

మళ్లీ కోతలు వచ్చాయి, మళ్లీ వెళ్లాను. ఆయన తిట్టలేదు. పొద్దున్నే సైకిలు మీద మిరప కళ్లానికే వచ్చేవారు. ఎండబోసిన కాయల్లోంచి మేం తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన కాయలు, ఏరుతుంటే ఆయన గోనెపట్టా మీద కూర్చుని లెక్కలు నోటితో చెప్పించేవారు. వీలైనప్పుడు బడికి వెళ్తే వరండాలో మజ్జిగ ముంత ఉండేది. మంటెత్తే చేతులు అందులో ముంచి, తుడుచుకుని, అప్పుడు పెన్ను పట్టాలి. అది ఆయన పెట్టిన నియమం. ఒకరోజు కళ్లంలో అమ్మను అడిగారు.

"తాలు ఏరకుండా అమ్మితే ఏమవుద్దమ్మా?"

"రేటు రాదండి. ఏరేస్తేనే కుప్ప ఎర్రగా కనపడుద్ది."

"ఆ పెద్ద బడివాళ్లు చేసేదీ అదేనమ్మా."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. తాను దేనికి దణ్ణం పెట్టిందో ఆమెకు ఆ రోజే తెలిసింది. నాకేమో ఏడుపొచ్చింది, ఘాటు వంక పెట్టుకుని ఏడ్చాను.

పదిలోనూ లెక్కలు తప్పాను. బడి మళ్లీ ఆఖరున నిలిచింది. మండల సమావేశంలో మాస్టారిని అందరి ముందు నిలబెట్టి అడిగారని గుమాస్తా ఊరంతా చెప్పాడు. మర్నాడు ఆయన సప్లిమెంటరీ ఫారం పట్టుకుని మా ఇంటికే వచ్చారు.

"నా వల్ల బడి పేరు పోయింది మాస్టారూ" అన్నాను.

"బడి సంగతి నీకెందుకు? పరీక్ష రాయాల్సింది నువ్వు. ఇక్కడ సంతకం పెట్టు."

ఆ పరీక్షలో గట్టెక్కాను. ఇవాళ ఈ కుర్చీలో కూర్చున్నానంటే ఆ సంతకం చలవే.

ఇంత చూసి నేను చేసిందేమిటి? టీచరునై, నన్ను పంపేసిన పెద్ద బడికే వచ్చాను. ఇప్పుడు హెడ్మిస్ట్రెస్‌నీ ఇక్కడే. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదే ఒక పిల్లకు టీసీ ఇప్పించాను. అందరూ చేసేదే కదా అనుకున్నాను. తర్వాతి వేసవిలో మాకు వంద శాతం వచ్చింది. రిటైరై పొన్నూరులో కూతురి దగ్గర ఉంటున్న మాస్టారికి గొప్పగా చెప్పుకుందామని స్వీట్లు పట్టుకెళ్లాను. ఆయన అంతా విన్నారు.

"ఎంతమందిని ఆపారమ్మా?"

"ఒక్క పిల్లనే మాస్టారూ."

"ఆ పిల్ల పేరేంటి?"

నాకు గుర్తు రాలేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. ఆయన కోప్పడలేదు, కోప్పడినా బాగుండేది. స్వీటు డబ్బా విప్పకుండా పక్కన పెట్టి, నాకు టీ ఇమ్మని కూతురికి చెప్పారు. తిరిగొచ్చి పాత రిజిస్టరు తీశాను. నాగమణి అని ఉంది. పేరు దొరికింది గాని పిల్ల దొరకలేదు, అప్పటికే పెళ్లి చేసి పంపేశారట. ఆ సంగతి మాస్టారికి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆయన పోయినప్పుడు కూడా గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టలేక తిరిగి వచ్చేశాను.

నిన్న నా ముందు నిలబడ్డ పిల్ల పేరు కాగితం మీద ఉంది. అయినా అడిగాను.

"నీ పేరేంటమ్మా?"

"అంజలి అండి."

సంతకం పెట్టాను. ఇంకా అక్కడే ఉన్న లెక్కల మాస్టారు పట్టిక మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఈసారి ఆఖరుకు పోతామేమో మేడమ్" అన్నాడు.

"పోతే పోదాం లేవయ్యా. రేపట్నుంచి ఈ పిల్లకు లెక్కలు నేనే చెబుతాను" అన్నాను.

తర్వాత ఆయాను పిలిచి గిన్నెలో మజ్జిగ తెమ్మన్నాను. అంజలి మొహమాటపడుతూ గిన్నె అందుకుని నోటి దగ్గరకు తీసుకెళ్లబోయింది.

"తాగడానికి కాదే" అన్నాను, "చేతులు ముంచు."