బాణం చెరిగిన రాయి

ఎమ్మెస్సీ జియాలజీ ఆఖరి ఏడాది మమ్మల్ని అండమాన్ తీసుకపోయిన్రు. అక్కడ సముద్రం ఒడ్డున ఇసుకరాయి పొరలు పొరలుగా వాలి ఉంటయి. సముద్రం అడుగున పొర పడేటప్పుడు మోటు ఇసుక ముందు దిగుతది, సన్నది పైన ఆగుతది. అంటే రాయి పుట్టినప్పుడు ఏ దిక్కు పైకి ఉండెనో భూతద్దం పెట్టి చెప్పొచ్చు. నా ప్రాజెక్టుకు ఉన్నది ఒక్కటే ప్రశ్న: ఆ పొరలు ఇప్పుడు సక్కగ ఉన్నయా, భూమి వాటిని బోర్లేసిందా?

ఒడ్డున అంతా నాచు, ఏమీ కనబడదు. అందుకే రాయి కొట్టే ముందు ఆకాశం దిక్కు చూపిస్తూ బాణం గీసి, ఇంటికి తెచ్చి చూడాలె. తడి రాయి మీద మార్కర్ పారలేదు. సుద్దముక్కతో గీసిన.

నాచారంల మా ఇంటికి వచ్చి, రాయి ఉన్న సంచి గడప పక్కన పెట్టి పండుకున్న. లేచి చూస్తే నా రాయి తోమిన ఇత్తడి బిందె లెక్క ఉన్నది. పసుపు, కుంకుమ బొట్టు గూడ పడ్డయి.

"అమ్మా, ఇదేంది?"

"సుద్దగీతలున్న రాయిని ఇంట్లకు తెస్తరారా? ఎవడో మంత్రించి పెట్టిండనుకున్న. చింతపండేసి రుద్దిన. మౌలాలి గుట్ట ఎదురుంగ ఉండంగ, సముద్రం దాటి రాయి తెచ్చినోడివి నువ్వొక్కడివే."

"పోనీ, బొట్టు ఆ బాణం మొన దిక్కే పెట్టినవా?"

"నున్నగ ఉన్న దిక్కు పెట్టిన. గరుకు దిక్కు ఎవరన్న పెడతరా?"

నున్నటి దిక్కంటే సన్న ఇసుక దిక్కు, రాయి పుట్టినప్పటి పైభాగం; అది భూతద్దంతో నాకు ఎట్లయినా దొరికేదే.

అండమాన్ అంటే బోడుప్పల్ కాదు, ఆటో ఎక్కి చూసి రానీకి. ఇంక మిగిలిన ఆశ, రాయి కొట్టే ముందు తీసిన ఫొటో. ఉప్పల్ స్టూడియోల రీలు కడిగించిన. రాయి ఉండాల్సిన చోట మా దోస్తు నడుం మీద చేతులు పెట్టుకొని, ఆ సముద్రం తనే తవ్వించినట్టు నిలబడి ఉన్నడు.

"రాయేది బావా?" అని దోస్తునడిగిన.

"రాయి ఎందుకురా, నన్ను సూడు, ఎంత మంచిగ వచ్చిన!"

వైవా పరీక్ష రోజు సారు రాయిని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. "బోర్లపడ్డయా, లేదా?"

"పుట్టినప్పుడు ఎటు పైకుండెనో చెప్తా సార్. నేను తీసినప్పుడు ఎటుండెనో తెల్వదు."

"అంటే కోట్ల ఏండ్ల కిందటిది తెలుసు, పోయిన నెలది తెల్వదు."

"అవును సార్."

ఎంత ఆలోచించినా అంతకంటే నిజమైన జవాబు దొరకలేదు. ఆయన వేలికి కుంకుమ అంటింది. రుమాలుతో తుడుచుకొని, ప్రాజెక్టు మొత్తం నిలబడ్డ ఆ ఒక్క ప్రశ్నకు సున్నా వేసి, రాయి నా ముందర పెట్టిండు. బొట్టు పైకి వచ్చేటట్టే పెట్టిండు.