భోంగా మోగితే లోపలికా, బయటికా? తాండూరులో ఒక రోజు

వికారాబాదు, 1966 ఫిబ్రవరి 21, సోమవారం. నిన్న నా మనవరాలు విమలతో కలిసి తాండూరు వెళ్ళి వచ్చాను. మన మహిళా మండలి పత్రికకు ఆ సంగతి వెంటనే రాయడానికి కారణం ఉంది. విమల పడమటి సముద్ర తీరాన కడుతున్న అణు విద్యుత్ కేంద్రంలో శిక్షణ పొందుతోంది. మన ఊళ్ళో మరో రెండు ఇళ్ళ పిల్లలకు కూడా అలాంటి ఉద్యోగాలకు పిలుపు వచ్చింది. పంపమంటారా, వద్దంటారా అని వాళ్ళ తల్లులు నన్ను అడుగుతున్నారు. మొన్నటి దాకా నా జవాబు వద్దనే.

కొన్నేళ్ళ కిందట విదేశంలో ఒక అణు కొలిమికి నిప్పంటుకుంటే, చుట్టుపక్కల పల్లెల పాలన్నీ పారబోయించారని చదివాను. ఆ మాట నా మనసులోంచి పోలేదు. విమల సెలవు మీద ఇంటికి రాగానే, ఇక వెళ్ళవద్దన్నాను. చదివించింది నేను కాబట్టి మా అబ్బాయి నిర్ణయం నాకే వదిలేశాడు. అణుశక్తి శాఖలో పనిచేసే ఒక పెద్దమనిషిని అడిగితే "ఏమీ కాదండీ, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. దాంతో నా భయం రెట్టింపైంది. విమల మాత్రం అలా అనలేదు.

"ఏం కాదని నేను చెప్ప నానమ్మ. అయితే ఏం చేయాల్నో అదే నా పని. ఆదివారం నాతోని తాండూరు రా. చూసినంక కూడా వద్దంటే మానేస్త."

కేంద్రం చుట్టూ ఉన్న పల్లెలకు ప్రమాద సమయంలో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో ఒక కాగితం తయారు చేయమని విమలకు పని అప్పగించారట. అది పైవాళ్ళకు ఇచ్చే ముందు బడి మొహం చూడని మనుషుల మధ్య ఒకసారి పరీక్షించాలని ఆమె పట్టుదల. తాండూరులో రాతి గనికి దగ్గర వీధిలో నాకు చెల్లెలి వరసైన నర్సమ్మ ఉంటుంది. వీధిలో అందరికీ ముందే చెప్పి ఉంచమని ఆమెకు కబురు చేశాం. పోలీసు ఠాణాలో కూడా చెప్పి ఉంచాం.

పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి రూపాయి ఇరవై పైసలు. విమల తను చదివిన కాలేజీ నుంచి, యుద్ధం రోజుల్లో కొన్న చేతితో తిప్పే సైరన్ అడిగి తెచ్చి గోనెసంచిలో పెట్టింది. దాని పిడి బయటికి కనబడుతుంటే ఎదురుగా కూర్చున్న ఆసామి, "సేమ్యా మిషనా అమ్మా? ఎంత పడ్డది?" అని అడిగాడు. విమల నవ్వి పిడిని సంచిలోకి తోసింది. ధారూరు దాటాక నేను నా ప్రశ్నలు మొదలుపెట్టాను.

"నీళ్ళు తోడే పంపు ఆగిపోతే?"

"ఇంకో పంపు ఉంటది."

"కరెంటే పోతే?"

"డీజిలు ఇంజన్లు ఉంటయి. కొలిమిని ఆపినా దాని వేడి తొందరగ చల్లారదు నానమ్మ. అందుకే నీళ్ళు ఆగొద్దు."

"అవి కూడ చెడిపోతే?"

"లోపలి సరుకు కరుగుతది. అందుకే దాని చుట్టూ ఉక్కుతోటి, కాంక్రీటుతోటి గట్టి గూడు కడుతరు."

"ఆ గూడు కూడ కారితే?"

విమల కిటికీలోంచి చూపు తిప్పి నా వైపు చూసింది. "అప్పుడు విషపు గాలి, దుమ్ము బయటికొస్తయి. గాలి ఎటుంటే అటు పోతయి. ఇండ్లల్ల తలుపులు పెట్టుకొని కూసుంటే చాలమట్టుకు తప్పుతది. నీళ్ళ మీద మూతలు పెట్టాలె. పసులు బయట గడ్డి తింటే ఆ పాలు పిల్లలకు పోయొద్దు. ఆఖరుకు ఏ దిక్కు పోవాల్నో మేం చెప్పినప్పుడు ఊరు కదలాలె. నా పని గక్కడ మొదలైతది."

ఇంత నిజం నాకు చెప్పినవారు ఇంతకుముందు లేరు. అయినా నా మనసు మెత్తబడలేదు. నిజం చెప్పడం వేరు, చేసి చూపడం వేరు.

తాండూరు స్టేషను బయట టాంగా మాట్లాడుకున్నాం, అర్ధ రూపాయి. తోలే ఖాజా మియా నర్సమ్మ వీధివాడే. "ఉత్తుత్తి తమాషాకు వికారాబాదు నుంచి వచ్చే బిడ్డ మీరేనా? మా ఇంట్ల రాత్రి నుంచి గదే ముచ్చట!" అన్నాడు. దారి పొడవునా ఇళ్ళ గోడలూ, కప్పులూ అన్నీ నాపరాయే. కప్పు మీద పెంకు ఉండదు. పలకల్లా చీల్చిన బండలను దూలాల మీద వరసగా పరుస్తారు. ఇంతకంటే గట్టి ఇళ్ళు ఎక్కడుంటాయని విమల సంబరపడింది.

నర్సమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. "అక్కా, ఇరవై ఇండ్లకు నేనే తిరిగి చెప్పిన. భోంగా మోగంగనే లోపలికి పోవాలె, తలుపులు పెట్టుకోవాలె, బిందెల మీద మూతలేయాలె. పోరలకు గూడ పాఠమొచ్చింది" అంది. గని సైరన్‌ను వాళ్ళు భోంగా అంటారు. ఆ రోజు గనికి సెలవు.

పదకొండు గంటలకు విమల వీధి మొదట్లో నిలబడి సైరన్ తిప్పింది. చెవులు గింగురుమన్నాయి. మరుక్షణంలో ఇరవై ఇళ్ళ తలుపులూ తెరుచుకున్నాయి. చంటిపిల్లలను చంకనేసుకున్న తల్లులు, ముసలివాళ్ళు, తువ్వాలు చుట్టుకున్న ఖాజా మియా అందరూ పరుగున బయటికొచ్చి వీధి మధ్యలో నిలబడ్డారు. అందరికంటే ముందు వచ్చింది నర్సమ్మే. ఆమె చేతిలో మూత వేసిన బిందె ఉంది.

"ఏందే నర్సీ, లోపలికి పొమ్మని చెప్పినదానివి నువ్వే గద!" అన్నాను.

నర్సమ్మ నా వైపూ, బిందె వైపూ చూసుకుంది. "అయ్యో అక్కా, కాళ్ళు గవే వచ్చినయి!"

వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిజంగా గాలి విషమైన రోజున ఇలాగే జరిగితే, చంటిపిల్లలతో సహా అందరూ ఆ గాలిలోనే నిలబడి ఉండేవారు. ఇక విమలను పంపేది లేదని అనుకున్నాను.

విమల సైరన్ తిప్పడం ఆపింది. తర్వాత సైరన్ కింద పెట్టి నేరుగా ఖాజా మియా దగ్గరకు వెళ్ళింది. చెప్పినట్టు ఎందుకు చేయలేదని ఎవర్నీ గద్దించలేదు. "భోంగా ఇనంగనే మీ మనసుకు ఏమనిపించింది?" అని మాత్రమే అడిగింది.

"గనిల మందు పేలుస్తున్నరు అనిపించింది బిడ్డా. పేలిస్తే ఇల్లు అదురుతది. కప్పు బండ జారిందంటే కింద ఉన్నోళ్ళు ఖతం. మా అమ్మీ చిన్నప్పటి నుంచి ఒకటే నేర్పింది, భోంగా అంటే బయటికి."

విమల ఇరవై ఇళ్ళకూ తిరిగి అదే ప్రశ్న అడిగింది. జవాబు కూడా అదే వచ్చింది. వాళ్ళ ప్రాణాలు ఇన్నాళ్ళూ కాపాడిన అలవాటే, మా కాగితానికి అడ్డం తిరిగింది. విమల తిరిగి వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. "నేను తప్పు రాసిన నానమ్మ. ఈడ తెలిసింది, మంచిదైంది. ఆడ తెలిస్తే ఏమయ్యేది?"

కాగితంలో సైరన్ అన్నచోట కొట్టేసింది. దండోరా వేసే బాలయ్యను పిలిపించారు. ఆయన పొలం నుంచి వచ్చేసరికి రెండు దాటింది. డప్పు దరువు వెంట మాటలు కూడా వినబడతాయి కాబట్టి పొరపాటుకు తావు లేదని విమల ఆలోచన. బాలయ్య డప్పు కొడుతూ, "ఇనుండ్రి! ఇండ్లల్లకు పోండ్రి! తలుపులు పెట్టుకోండ్రి! నేను మళ్ళ చెప్పేదాంక ఎవ్వలు బయటికి రావద్దు!" అని కేకేశాడు. ఈసారి వీధి ఖాళీ అయింది. తలుపులన్నీ మూసుకున్నాయి, ఒక్కటి తప్ప. ఖాజా మియా గుర్రాన్ని కూడా లోపలికి తోలుతున్నాడు. ముందు కాళ్ళు గదిలో, వెనక కాళ్ళు గడపకు ఇవతల.

"గుర్రం ఎందుకయ్యా?" అన్నాను.

"అది గూడ గాలి పీలుస్తది గద అమ్మా!"

విమల నవ్వుతూనే ఆ సంగతి కాగితంలో చేర్చుకుంది. నేను మాత్రం వీధి చివర ఒంటరిగా నిలబడ్డ బాలయ్యను చూస్తున్నాను. అందరూ లోపల ఉన్నారు, చెప్పినవాడు బయట ఉన్నాడు. నా అసలు భయం అప్పుడు నాకు తెలిసింది.

"బాలయ్య సంగతేంది బిడ్డా? ఆ రోజు నువ్వు గూడ గట్లనే బయట నిలబడుతవు గద?"

విమల జవాబు తప్పించలేదు. "నిలబడుత. కానీ నా అంగీకి ఒక బిళ్ళ ఉంటది నానమ్మ, ఒంటికి ఎంత తగిలిందో అది చెప్తది. ఒక్కొక్కరికి ఒక హద్దు ఉంటది. అది దాటకముందే ఎంతటి ఆఫీసరునైనా వెనక్కి పంపుతరు, ఇంకొకరు పోతరు. బాలయ్యకు మాత్రం నేనేం రాయలే. రాస్త."

అంది, అక్కడే రాసింది. సగం వీధి వరకు ఒకరు, అక్కడి నుంచి మరొకరు, ముక్కుకు తడిగుడ్డ, ముందుగా చూపించిన ఇంట్లోకి వెళ్ళి కూర్చోవడం. తప్పు కనబడిన చోటే దిద్దుకునే మనిషిని ఆపడం కంటే పంపడమే మంచిదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది. సాయంత్రం బండిలో విమల నా భుజం మీద తల వాల్చి వికారాబాదు దాకా నిద్రపోయింది. చాలా రోజుల తర్వాత నా గుండె మీద బరువు దిగింది.

ప్రమాదం రాదని నాకు ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇంత నెమ్మది కలిగేది కాదు. ఏది చెడితే ఏం చేయాలో ముందే కూర్చుని ఆలోచించేవాళ్ళు, ఆలోచన తప్పితే ఒప్పుకునేవాళ్ళు అక్కడ ఉన్నారు. ఆ తల్లులకు నా జవాబు ఇదే: పంపండి, కానీ అడగవలసినవన్నీ అడిగి పంపండి. ఇక తాండూరు వెళ్ళేవారికి ఒక మాట. గని నడిచే రోజున వెళ్తే, భోంగా వినగానే ఇంటివాళ్ళ వెంటే బయటికి వచ్చేయండి, సామాన్ల కోసం ఆగవద్దు.

ఇక జరగవలసినవి:

1. గని భోంగాకు ఎప్పటిలాగే బయటికి రావాలని నర్సమ్మ ఇరవై ఇళ్ళకూ మళ్ళీ తిరిగి చెప్పాలి. మా పరీక్ష వల్ల పిల్లలు తికమకపడి లోపల ఉండిపోకూడదు.

2. విమల ఇచ్చే కాగితంలో మొదటి పరీక్ష తప్పిన సంగతే ముందు ఉండాలి.

3. దండోరా వేసే మనిషి ఎక్కడ తలదాచుకోవాలో నిర్ణయించాకే అతని చేతికి డప్పు ఇవ్వాలి.

4. విమల బుధవారం బండెక్కాలి. అక్కడి పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, పెద్ద చప్పుడు వినబడితే మీరు ఎటు పరుగెత్తుతారని ముందు అడగాలి. ఎటు పోవాలో ఆ తర్వాతే చెప్పాలి.