జొన్నచేలో చేయి విడిచిన తమ్ముడు

2003లో నేను ఇబ్రహీంపట్నంలోని ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. సాగర్ రోడ్డు మీద బస్సు దిగి, ఎరువుల దుకాణాలు దాటి కొంచెం నడిస్తే మా కాలేజీ. ఫైనలియర్ పిల్లలు ఏటా ఒక ప్రాజెక్టు రాయాలి. చాలామంది ఏదో కోట గురించి గైడులోంచి ఎత్తి రాసి, రంగు అట్ట వేసి ఇచ్చేవారు. ఆ ఏడు మాత్రం అలా జరగలేదు.

దానికి కారణం ఒక పాఠం. ఇతర దేశాల్లో జనసంహారాల నుంచి బతికి బయటపడ్డ పిల్లల గురించి క్లాసులో చెబుతున్నాను. బీరువాలో దాక్కున్న పిల్లలు, పేరు మార్చుకుని పెరిగిన పిల్లలు. వెనక బెంచీలో కూర్చునే స్వప్న లేచింది. ఆదిభట్లలో మేస్త్రీ కూతురు, క్రైస్తవుల పిల్ల.

"మేడం, మన దిక్కు అసొంటి పిల్లలు లేకుండెనా?"

నేను జవాబు చెప్పేలోపే నరేష్ అందుకున్నాడు. "మా తాత ఉన్నడు మేడం. రజాకార్లు ఊరు కాలవెట్టిన నాడు ఆయన పదేండ్ల పిలగాడు."

వాళ్లిద్దరికీ అదే ప్రాజెక్టు అయింది. సాయుధ పోరాటం, 1948లో నిజాం రాజ్యంలోకి భారత సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ రోజుల్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు ఏం చూశారో విని రాయడం. దీన్ని మేము ఓరల్ హిస్టరీ అంటాం. కాగితాలకెక్కని చరిత్రను, దాన్ని అనుభవించినవాళ్ల నోటివెంట విని భద్రపరచడం. దీనికి రెండు నియమాలు ముఖ్యం. చెప్పినవారి కన్సెంట్, అంటే ఒప్పుదల, లేకుండా ఒక్క మాట కూడా అచ్చు వేయకూడదు. జవాబును మనమే వాళ్ల నోట్లో పెట్టి అడగకూడదు. కాలేజీ టేప్ రికార్డర్ తీసుకుని బయలుదేరాం.

నరేష్ వాళ్ల తాత రామిరెడ్డి ముందు చెప్పాడు. నిజాం పక్షపు రజాకార్లు వచ్చి గడ్డివాములకు నిప్పు పెట్టడం, అడ్డం వెళ్లిన తండ్రిని ఇంటి ముందే కాల్చేయడం, తల్లి తనను లాక్కుని చేలోకి పరుగెత్తడం. ఏళ్లుగా చెప్పిన కథ కాబట్టి ఎక్కడా తడబడలేదు. చివర్లో, "మిలిటరీ వచ్చింది, మేం బతికినం" అని ముగించాడు. ఆ ఇంట్లో పోలీస్ యాక్షన్ అంటే చీకటి పోయిన రోజు.

తర్వాత స్వప్న మమ్మల్ని ఆదిభట్లలో శాంతమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. చర్చిలో వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చునే మనిషి. పట్నం నుంచి తెచ్చుకుని పెంచుకున్న పిల్ల అని ఊరందరికీ తెలుసు. తనకో తమ్ముడు ఉండేవాడని ఒకసారి ఆ నాయనమ్మతో అన్నది తప్ప ఆమె ఏమీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

శాంతమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నరేష్ ప్రశ్నల కాగితం తీసి మొదలుపెట్టాడు. ఏ ఊరు, ఏ నెల, వచ్చినవాళ్లు ఎవరు, ఎంతమంది.

"యాది లేదు బిడ్డా" అంది అన్నిటికీ.

క్యాసెట్ తిరుగుతూనే ఉంది. పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. ఇక లేద్దామనుకుంటుండగా స్వప్న ఆ ప్రశ్నల కాగితం పక్కన పెట్టి, తనూ నాలుగు కాయలు అందుకుని ఒలవడం మొదలుపెట్టింది.

"అవ్వా, నీకు తమ్ముడుండె అని మా నాయనమ్మ చెప్పింది. ఎట్లుండె?"

శాంతమ్మ చేయి ఆగింది.

"చాంద్" అంది. "వాని పేరు చాంద్. బెల్లమంటే పానమిడిసేటోడు. సప్పట్లు కొట్టరా అంటే చేతులతోని కాదు, పొట్ట మీద కొట్టుకునేటోడు. నా జడ పట్టుకోకుంటే వానికి నిద్ర రాకపోవు."

చెబుతూ చెబుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి లోపల్నుంచి కోడలు బయటికొచ్చి నిలబడింది. ఆ సాయంత్రం దాకా శాంతమ్మ మాట్లాడుతూనే ఉంది. తమ్ముడి నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆ రోజుకు తనంతట తానే వచ్చింది.

వాళ్లది బీదర్ వైపు ఏదో పల్లె. పేరు తెలియదు. అప్పటికి ఆమెకు ఆరేళ్లుంటాయేమో, తమ్ముడికి మూడు. "మిలిటరీ పోయింది. పోయినంక సుట్టుపక్కల ఊర్లోల్లు కట్టెలు, కత్తులు పట్టుకొని వచ్చిన్రు. మా అబ్బను, గదే మా నాయినను, నా కండ్ల ముందే కొట్టిన్రు. ఆయనేం రజాకారు గాదు బిడ్డా, దూదేకుకునేటోడు. అమ్మ మమ్ముల జొన్నచేన్లకు నూకింది. తమ్ముని చెయ్యి ఇడువకు, నేను పిలిసేదాంక బయటికి రాకు అన్నది. ఆడోళ్లు బాయి దిక్కు ఉరుకుతున్నరు. అమ్మ గూడ గా దిక్కే పోయింది, మల్ల రాలే."

ఒలిచిన చిక్కుడు గింజలను చేత్తో పక్కకు జరిపింది.

"ఎక్కడ్నో మేకపిల్ల అరిసింది. మా మేకపిల్లే అనుకున్నడు వాడు. చెయ్యి గుంజుకొని ఉరికిండు. నేను పోలే. అమ్మ రావద్దన్నది గద. ఆడ్నే కూసున్న. వాని కేక గూడ ఇనరాలే. చేను ఊగింది, గంతే."

తమ్ముడి చావు చూసి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఆమె చూసింది ఊగే చేనును మాత్రమే. అందుకే యాభై ఏళ్ల తర్వాత కూడా వాడు ఎక్కడో ఉన్నాడనే ఆమె మనసు.

దూరపు బంధువు ఒకావిడ ఆమెను హైదరాబాద్ చేర్చింది. పారిపోయి వచ్చినవాళ్లు కిక్కిరిసిన చోట ఆ బంధువూ జ్వరంతో పోయింది. రాళ్లపనికి పట్నం వెళ్లిన ఆదిభట్ల దంపతులు ఆకలితో పడి ఉన్న పిల్లను ఎత్తుకొచ్చుకున్నారు. శాంతమ్మ అని పేరు పెట్టుకుని, సొంత బిడ్డలా పెంచి పెళ్లి చేశారు.

తిరుగుదారిలో నరేష్ మన్నెగూడ దాటాక అన్నాడు: "మేడం, మా ఇంట్ల గీ ముచ్చట ఎవ్వరు చెప్పలే. మా తాతది, గీ అవ్వది ఒక్క పుస్తకంల ఎట్ల రాయాలె?"

"ఇద్దరూ చేలోనే దాక్కున్నారు కదా నరేష్" అన్నాను.

ఇంటికెళ్లి తాతకు చెప్పాడట. ఆయన కోప్పడతాడని భయపడ్డాడు. రామిరెడ్డి ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. తెల్లారి, "నన్నొకసారి ఆడికి తీస్కపో" అన్నాడు.

ఆ కలయిక కళ్లారా చూశాను. ఆయన శాంతమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, తువ్వాలు మోకాళ్ల మీద పరుచుకున్నాడు. "చెల్లే, చేన్ల ఉన్నప్పుడు ఏం తిన్నవు?" అని అడిగాడు.

"పచ్చికంకులు. పాలు వట్టినయి."

"నేను గూడ గవ్వే తిన్న. కడుపునొప్పి లేసి సచ్చిన."

"నాకు గూడ లేసింది అన్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వయసు మళ్లిన ఆ ముఖాల్లో ఇద్దరు పిల్లలు కనిపించారు నాకు. లేస్తూ ఆయన, "మావోల్లు గట్ల చేసిన్రని నాకు తెల్వకుండె చెల్లే" అన్నాడు. "మీరు చేసిన్రా ఏంది?" అంది శాంతమ్మ. ఆయన కళ్లు తుడుచుకుని బయటికొచ్చాడు.

అచ్చు వేసే ముందు చిక్కు వచ్చింది. శాంతమ్మ కొడుకు ప్రభుదాస్ కాలేజీకి వచ్చాడు. గొడవకు వచ్చినట్టు లేడు, బెదిరినట్టున్నాడు.

"మా అమ్మ సాయిబుల బిడ్డ అని బుక్కుల ఏస్తరా మేడం? పిల్లల పెండ్లిళ్లు కావాలె. రేపు ఎవలన్న ఏమన్న అంటే?"

అతని భయంలో తప్పు లేదు. మేం శాంతమ్మ దగ్గరకే వెళ్లాం. మా పద్ధతి ప్రకారం పేర్లన్నీ మార్చేస్తామని చెప్పాను. ఆమె కొడుకు వైపు చూసి తలూపింది.

"నా పేరు మార్చుండ్రి. ఊరు పేరు తీసెయ్యుండ్రి. తమ్ముని పేరు మాత్రం చాంద్ అనే ఉండాలె. వాడు సదివితే తెల్వాలె గద."

వాడు బతికి ఉన్నాడో లేదో, బతికినా తెలుగు చదవగలడో లేదో అని మేం అనలేదు. ప్రభుదాస్ తల్లి చేయి పట్టుకుని, "సరే తియ్యమ్మా" అన్నాడు. ఇక్కడ నేను రాస్తున్న వాళ్ల పేర్లు, ఊరి పేరు కూడా మార్చినవే.

పిల్లలు నెలల తరబడి కూర్చుని రాశారు. రామిరెడ్డి మాటల పక్కనే శాంతమ్మ మాటలు పెట్టారు. ఒకరి బాధతో ఇంకొకరి బాధను కొలవలేదు. చిన్న పుస్తకంగా కుట్టించి, బీదర్ వైపు నాకు తెలిసిన ఒక లెక్చరర్‌కు కొన్ని ప్రతులు పంపాను. ఆయన ఆ పేజీలను అక్కడి భాషలో చెప్పి తన విద్యార్థులకు వినిపించాడు. ఆ పిల్లలు ఇళ్లలో చెప్పారు. మరుసటి ఎండాకాలంలో ఆయన ఫోన్ చేశాడు. అక్కడ చాంద్ పాషా అనే దర్జీ ఉన్నాడు, పోలీస్ యాక్షన్‌లో అక్కను పోగొట్టుకున్నవాడు, శాంతమ్మతో మాట్లాడతానంటున్నాడు అని.

శాంతమ్మ కొత్త చీర కట్టుకుని మా కాలేజీ ఆఫీసుకు వచ్చింది. స్వప్న రిసీవర్ చేతికిచ్చింది. ఆమె మొదట తెలుగులో, తర్వాత ఎక్కడో అడుగున మిగిలిపోయిన ఉర్దూ మాటల్లో తడుముకుంటూ అడిగింది. అవతలి గొంతు మాకూ సన్నగా వినిపిస్తోంది. వాళ్ల ఇల్లు పెద్ద నది ఒడ్డున. దూదేకే పని కాదు, నూనె గానుగ. అక్క రజియా పెద్దపిల్ల, పెళ్లి కుదిరిన పిల్ల.

శాంతమ్మ ముఖం మెల్లగా మారింది. మాకు అర్థమైంది. స్వప్న ఏడ్చేసింది. కానీ ఆమె ఫోన్ పెట్టలేదు. వింటూనే ఉంది. మధ్యమధ్యలో "అవ్... అవ్ భయ్యా" అంటోంది. చాలాసేపయ్యాక రిసీవర్ నాకిచ్చి కుర్చీలో కూర్చుంది.

"వాడు గాదు మేడం" అంది. కాసేపు కొంగుతో ముఖం కప్పుకుంది. మంచినీళ్లిస్తే తాగలేదు. తర్వాత స్వప్నను దగ్గరకు పిలిచింది.

"బిడ్డా, మల్ల పుస్తకం ఏస్తరా?"

"ఏస్తం అవ్వా. చాంద్ పేరు అట్లనే ఉంచుతం."

"అది ఉండనీ. ఆయన అక్క పేరు గూడ రాయి. రజియా. గొంతు మంచిదంట, పాటలు మస్తు పాడేదంట. గది గూడ రాయి. పాపం, ఆయన ఎన్నేండ్లసంది ఎతుకుతున్నడో."

తర్వాతి ప్రతుల్లో రజియా పేరు చేర్చాం. శాంతమ్మ తమ్ముడి ఆచూకీ గానీ, రజియా ఆచూకీ గానీ ఇప్పటిదాకా తెలియలేదు. చాంద్ పాషా బతికున్నంత కాలం శాంతమ్మకు ఫోన్ చేసేవాడని ప్రభుదాస్ చెప్పాడు. పెళ్లీడుకొచ్చిన ఆమె మనవరాలికి ఆయనే చీర మీదికి జాకెట్టు కుట్టి పంపాడట.

ఆ తర్వాత చాలా బ్యాచ్‌లకు ఈ పని నేర్పాను. ఏ ఊరు, ఏ నెల, ఎంతమంది అనే ప్రశ్నలు ఇప్పటికీ రాయిస్తాను. అవి కావాలి. కానీ వాటికంటే ముందు, పోయిన మనిషి ఎట్లా ఉండేవాడో అడగమంటాను. తమవాళ్లు ఎట్లా చచ్చిపోయారో చెప్పడానికి మనుషులకు మాట పెగలదు. ఎట్లా బతికారో చెప్పడానికి మాత్రం, ఎవరైనా అడుగుతారా అని ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఉంటారు.