వెలుతురు తీగకు మేకముడి

ఒకే ఒక్క ముడితో సైన్సును మేకపిల్లలా గుంజకు కట్టేసిన మొనగాణ్ణి నేను. ఏడో తరగతిలో నేను బడి మానేశానని అందరూ అంటారు గానీ, ఊపిరి పీల్చుకున్నది బడే.

రేడియో మాటల్లో గరగర తగ్గించే యంత్రాన్ని పరీక్షించడానికి పట్నం నుంచి ఒక మేడం దేవరకొండ గుట్టకు వచ్చింది. గుట్ట మీద ఏరియల్, దాని పక్కన తెల్లటి పొగలు కక్కే చల్లటి డబ్బా. డబ్బాలో అతివాహకమనే బిళ్ళ. అంత చలిలో కరెంటు దాంట్లోంచి అడ్డే లేకుండా పోతుందట. అది గరగరను వడగట్టి మాటనే వదులుతుందట. ఆ మాట వెలుతురై, గాజు తీగలో కింది గుడారంలోని పెట్టెకు దిగి, అక్కడ మళ్ళీ మాటగా పలుకుతుంది. అవతల నందికొండలో వైర్‌లెస్ పట్టుకుని మాట్లాడేది మా బామ్మర్ది మల్లేశు.

ఆ రోజు పరీక్ష చూడటానికి మేడం పైన ఉండే పెద్దసారు వస్తున్నాడు. పరీక్ష నెగ్గితే నాకు అక్కడే కాపలా కొలువు. ఓడితే గుడారం పీకేయడమే.

"నర్సింహా, గొర్రెలు తీగను తొక్కకుండా చూడు," అని చెప్పి మేడం ఆయనకు ఎదురెళ్ళింది.

చూడమంటే ఊరికే చూస్తానా? మందలో పుట్టినవాణ్ణి! తీగను వేలి ఉంగరమంత చుట్టలు చుట్టి, గుడారం గుంజకు మేకముడి బిగించాను. పొట్టేలు గుంజినా ఊడదు.

గుడారంలో పెట్టె మూగబోయింది. సరిగ్గా అప్పుడే ఇద్దరూ లోపలికొచ్చారు.

"మేడం, గరగర చప్పుడు పాయె! డబ్బతోని కానిది నా ముడితోని అయింది!"

మేడం ముఖం చల్లటి డబ్బాను మించిపోయింది. "మాట కూడా పోయింది! ఏం ముడి?"

"మేకముడి మేడం. మస్తు గట్టిది."

"గాజు తీగ అంత వంగితే వెలుతురు మలుపు తిరగలేక బయటికి కారిపోతుందయ్యా!"

చప్పుడుకు మందేస్తే ఉన్న మాట ఊడిందన్నమాట. గబగబా ముడి విప్పాను. పెట్టెలోంచి మల్లేశు గొంతు, పక్కనే కూర్చున్నంత స్పష్టంగా:

"హలో... ఎవ్వలు పలుకరేంది? తీగకాడ మా బావ గిట్ల ఉన్నడా? గాయిన కనబడ్డదల్ల మేకలెక్క కట్టేస్తడు! లగ్గంల మా అక్క కొంగుకు గూడ గదే ముడేసిండు. కత్తెర వెట్టి కోసినం!"

పెద్దసారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్క అక్షరం చెదరలేదమ్మా. నీ యంత్రం నెగ్గింది."

నాకు కొలువూ దక్కింది, చేతులు జేబుల్లోనే ఉంచుకోవాలన్న షరతు మీద.

దేవరకొండ గుట్ట సాక్షిగా ఒట్టు: వెలుతురు నడిచే దారిలో ఇక ముడెయ్యను. అలవాటు తప్పాలని లుంగీ కూడా వదులుగానే కడుతున్నాను. అది జారితే జారనీ, సైన్సు నిలవాలి.