గంగులమ్మ బొమ్మల అరబీ

మా గంగులమ్మ మస్కట్‌కు వచ్చింది రెండువేల ఏడులో. ఊరు రాయచోటి పక్కన. ఆడనే మత్రా పేటలో ఖతీజా మామా ఇంట్లో పని. ఈడ ఇంటి యజమానురాలిని మామా అంటాం, యజమానిని బాబా అంటాం. నేను కడప జైనబీని, ఆ పక్కింట్లోనే వంట చేస్తా.

వచ్చిన కొత్తలో, పాపం కదా అని, "నాలుగు మాటలు నేర్పిస్తా రామ్మే. 'జీబ్' అంటే తీసుకురా, 'రూహ్' అంటే పో, 'ఖలాస్' అంటే అయిపాయె. నేను వీటితోనే ఇన్నేండ్లు నెట్టుకొచ్చినా" అన్నా. మూతి తిప్పింది మహాతల్లి. "నాకు టీవీ ఉండాది లేక్కా" అనింది.

ఆ ఇంటి పాప మదీహాకు ఆరేండ్లు. బడి నుంచి వస్తానే బొమ్మల చానల్ పెట్టాల, లేకుంటే ముద్ద దిగదు. పక్కన కూర్చుని తినిపించేది గంగులమ్మ డ్యూటీ. చారెడేసి కండ్లోళ్ళు, కత్తులు తిప్పే ఆడపిల్లోళ్ళు, ఇనుప మనుషులు, అందరూ గడగడా అరబీలోనే మాట్లాడేది. "అవి జపానోళ్ళ బొమ్మలమ్మా, అరబీ మాటలు పైన అతికిస్తారు, డబ్బింగు" అని ఆ ఇంటి డ్రైవర్ బాషా చెప్పినా వింటేనా! "మరి బొమ్మ నోరు మూసుకున్నా మాటలు వస్తాండాయే?" అని బాషా అడిగితే, "కోపం ఎక్కువైతే అట్లే వస్తాయిలే" అని సర్దుకునింది.

ఒకరోజు చేపల మార్కెట్లో నోరు విప్పింది. అంతే, చేపలాయన కత్తి కింద పెట్టి పక్కంగడోళ్ళను గూడా పిలిచినాడు. బాషా నవ్వు ఆపుకోలేక చెప్పినాడు, డబ్బింగులో వాడేది పుస్తకాల అరబీ అంట, ఇండ్లల్లో ఎవురూ మాట్లాడరంట. మన బజార్లో ఎవురన్నా "ఓయీ వర్తకుడా, ఉల్లిగడ్డల నొసంగుము" అంటే ఎట్లుంటాది? అట్లుండాది మా యమ్మ యవ్వారం. ఆ పొద్దు నుంచి నేను "ఓయీ గంగులమ్మా" అనే పిలిచేది.

ఇంతలో ఊర్లో గంగులమ్మ కూతురికి నెలలు నిండొచ్చినాయి. తొలి కాన్పు. ఆ పిల్లకు తల్లి తప్ప ఇంకెవురూ లేరు. గంగులమ్మ కోసం మామా సెలవు అడిగితే బాబా కుదరదన్నాడు. అంతకు ముందు పనిమనిషి ఇట్లే సెలవని పోయి తిరిగి రాలేదంట. ఇంక గంగులమ్మే అడగాల. బాషాను అడిగి నేనే నేర్పించినా, "తల వంచుకో. 'బాబా, సఫర్, షహర్ వాహిద్' అను. ప్రయాణం, ఒక నెల అని. ఎక్కువ మాట్లాడబాకు." ఉతికిన బట్టలు ఆరేస్తా అదే వల్లె వేసింది.

శుక్రవారం అన్నాలైనాక అడగబోయింది. నేను హల్వా గిన్నె సాకు పెట్టుకుని పోయి తలుపు కాడ నిలబడినా. చూడకుంటే నాకు నిద్ర పడుతుందా!

బాబా తలెత్తి చూసినాడు. గంగులమ్మ తల వంచుకునింది. నేర్పించిందంతా గాలికి పాయె. ఉన్నట్టుండి తలెత్తింది, గుండె మీద చెయ్యి పెట్టుకునింది, బొమ్మల్లో కత్తి పిల్ల కోట విడిచి పోయేటప్పుడు చెప్పే మాటలన్నీ ఎత్తుకునింది. సగం నాకు అర్థం కాలా, ఆడనే ఉన్న బాషా తర్వాత చెప్పినాడు: "ఓ నాయకా! నా రక్తం నన్ను పిలుచుచున్నది. నన్ను పోనిమ్ము. తిరిగి వచ్చెదనని నా ప్రాణము మీద ఒట్టు!"

మదీహా కుర్చీ ఎక్కి గరిటె పైకెత్తింది. "పొమ్ము, వీరనారీ! నీ కొరకు కోట తలుపు తెరిచియే ఉంచెదము!"

బాబా కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వినాడు. గంగులమ్మ నవ్వలా, చెయ్యి దించలా. ఆయన నవ్వు ఆగిపాయె. "నిజంగా వస్తావా?" అన్నాడు మామూలు మాటల్లో.

"ఒట్టు పెట్టితిని గదా!"

"సరే, పో" అన్నాడు.

నేను నవ్వుకుంటానే మా వంటింట్లోకి వచ్చి పొయ్యి కాడ నిలబడినా. ఆడ నా నవ్వు పాయె. నాకొచ్చిన అరబీ ఏంది? తే, పో, అయిపాయె. అన్నీ వాళ్ళు నాకు చెప్పేటివే, నేను అడుక్కునేదానికి ఒక్క మాటా లేదు. మా అమ్మ పోయిన పొద్దు గూడా సెలవు అడగను పోయి, మా ఇంటాయన ముందర "బాబా" అని తల వంచుకుని నిలబడి, ఆ తర్వాత మాట దొరక్క, గిన్నెలు కడగను పోయినా. ఎంత ఏడ్చినానో ఆ తొట్టి కాడ.

సాయంత్రం గోడ కాడికి పిలిచినా. "గంగులమ్మా, ప్లేన్ ఎక్కేలోపల ఆ మాటలు నాకు గూడా నేర్పించి పోమ్మే" అన్నా. ఎగతాళి అనుకుని నా మొగం చూసింది. కాదని తెలిసినాక నా చెయ్యి తీసి నా గుండె మీద పెట్టింది.

"ముందు తలెత్తక్కా" అనింది.