తిరిగి ఇవ్వాల్సిన పుస్తకం

మా అమ్మ పోయింది. ఈ ముక్క నాతో ఎవరూ చెప్పలేదు. గుంటూరులో నేనుండే హాస్టలుకి వచ్చిన టెలిగ్రాంలో "అమ్మకి సీరియస్, వెంటనే బయలుదేరు" అని మాత్రమే ఉంది. వార్డెన్ సిస్టర్ ప్రార్థన చేసుకోమంది. బస్సు దిగాక పెద్దమ్మ కొడుకు నా సంచీ అందుకుని, "ముందు కాస్త కాఫీ తాగు" అన్నాడు. ఇంటి ముందు విడిచిన చెప్పులు చూసి నేనే తెలుసుకోవాల్సి వచ్చింది. ఏ సంగతైనా మొదటి మాటలోనే చెప్పాలని పట్టుబట్టే మనిషి చావుని ఇంతమంది కలిసి దాచారు.

అమ్మ వినుకొండ దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో లైబ్రేరియన్. నాన్న నా పసితనంలోనే పోయారు. తను తెలుగు బడిలో పనిచేస్తూ నన్ను కాన్వెంటులో చదివించింది. సెలవులకి ఇంటికొస్తే నేనో మూల చదువుకునేదాన్ని, ఆమె ఇంకో మూల పుస్తకాలు కుట్టుకునేది. "చదవడం నేర్పాను గానీ నీకు నోరు విప్పడం నేర్పలేకపోయానే" అని విసుక్కునేది. నాకూ విసుగ్గానే ఉండేది. ఊరి పిల్లలందరితో గలగలా మాట్లాడే మనిషికి నాతో అనడానికి ఇదొక్కటే దొరికేదా?

సంతాప సభలో హెడ్మాస్టరుగారు ఆమెని ఓర్పుకి మారుపేరు అన్నారు. అమ్మకి ఓర్పు లేదు. పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రంగా ఉంటాయని ఒకసారి ఆయనే అంటే, "భద్రంగా దాచడానికి అవేమన్నా బంగారు గాజులాండీ?" అని స్టాఫంతా ఉండగా అడిగింది. ఆ మాట సభలో ఎవరూ గుర్తు చేయలేదు.

దాచేపల్లి నుంచి వచ్చిన సిమెంటు సంచుల కాగితం సంపాదించి, దుమ్ము దులిపి, లోపలి పొర విడదీసి అట్టలు వేసేది. పురుగు పట్టకుండా మైదా లైలో మైలుతుత్తం కలిపేది. లైబ్రరీ పుస్తకాలకైనా, ఇంట్లో తన బైబిలుకైనా అదే గోధుమరంగు అట్ట.

మిరపకోతలు మొదలైతే కూలి కుటుంబాలు పిల్లలతో సహా పై ఊళ్లకి పోతాయి. అలా వెళ్లిన ఆడపిల్లలు చాలామంది మళ్లీ బడి మొహం చూడరు. అందుకని వెళ్లే ప్రతి పిల్ల చేతిలో అమ్మ ఒక లావుపాటి పుస్తకం పెట్టేది.

"కారం చేతుల్తో పాడుచేస్తారండీ" అనేవారు టీచర్లు.

"చేయనివ్వండి. తిరిగివ్వడానికైనా బడికి రావాలిగా!"

వచ్చేవాళ్లు. అందరూ కాదు. ఆ పుస్తకాలు తెరిస్తే ఘాటుకి తుమ్ములొచ్చేవి.

ఆఖరిసారి నేను ఇంటికి వెళ్లినప్పుడు అలాంటి పుస్తకమే ఒకటి తెల్లదారంతో కుడుతోంది. "తొమ్మిదో తరగతి పిల్లది. శనివారం వాళ్ల ట్రాక్టరు బయల్దేరుతుంది. వాళ్ల నాన్న అప్పుడే చదువు చాలంటున్నాడు. ఇది చేతిలో లేకుండా పోయిందా, ఇక రాదు" అంది.

శుక్రవారం అమ్మ గుండె ఆగిపోయింది. శనివారం పొద్దున పెట్టెలో పడుకోబెట్టాక, పెద్దమ్మ బైబిలు తెచ్చి ఆమె చేతుల మధ్య పెట్టింది. ఆ పుస్తకం వీపు మీద కొత్త తెల్లదారం కనిపించింది.

"పెద్దమ్మా, అది బైబిలు కాదు."

"ఊరుకో తల్లీ, ఊరుకో."

"లైబ్రరీ పుస్తకం పెద్దమ్మా."

"పొద్దుట్నించీ ఏమీ తినలేదు, ఏదేదో అంటోంది. ఎవరన్నా కాసిని మంచినీళ్లు ఇవ్వండే!"

ఇద్దరు నా భుజాలు పట్టుకున్నారు. సమాధుల తోట దాకా చెబుతూనే ఉన్నాను. పాట మధ్యలో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? పాస్టరుగారి ప్రార్థన అయింది. మూత పెట్టి, సుత్తి తీశారు.

"ఆపండి!" అని అరిచాను. పక్క చేలో కాయలు కోస్తున్నవాళ్లు కూడా నడుం ఎత్తి చూశారు.

"అది బడి పుస్తకమండీ. ఈరోజే ఒక పిల్లకి ఇవ్వాలి."

"నలుగురిలో పరువు తీస్తావేంటే! పోయిన మనిషి చేతిలోది లాక్కుంటావా?" అని పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది.

హెడ్మాస్టరుగారు దగ్గరికొచ్చి, "పోనీలేమ్మా, ఒక్క పుస్తకమేగా. పోయినవాటిలో రాసేద్దాం" అన్నారు మెత్తగా.

నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్ల పోతుందండీ! దాన్నెక్కడ రాస్తారు?"

పాస్టరుగారు మూత జరిపించి, పుస్తకం తీసి, మొదటి పేజీలో బడి ముద్ర చూశారు. దాన్ని నా చేతికిచ్చారు. అమ్మ వేళ్లు ఆ పుస్తకం మందానికి వంగి అలాగే ఉండిపోయాయి. బైబిలు తెప్పిస్తానని పెద్దమ్మ అంటోంది. నేను ఆగలేదు.

ట్రాక్టరు కదలబోతోంది. ఆ పిల్ల వంటపాత్రల మధ్య కూర్చుని ఉంది. పుస్తకం అందించి, "చదివి తిరిగి తెచ్చివ్వాలి" అన్నాను.

"ఎవరికక్కా?"

అది నాకు తట్టనేలేదు. "నాకు. శనివారాలు లైబ్రరీ దగ్గరే ఉంటాను" అనేశాను.

లైబ్రరీకి తాళం వేయించారు. కొత్తవాళ్లు వచ్చేదాకా అంతేనట, ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పరు. నేను శనివారం శనివారం గుంటూరు నుంచి బస్సులో వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంటున్నాను. కోతలు ముగింపుకొచ్చాయి. కూలీలని ఎక్కించుకుని ట్రాక్టర్లు తిరిగొస్తున్నాయి. చప్పుడు వినిపించినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.